సార్ మాట పూర్తిగా వచ్చిన ఆదివారం

మా సార్ పోయారు.

ఆ సంగతి నాకు అమ్మ చెప్పింది. నేను కాలేజీ ల్యాబ్‌లో ఉన్నాను. పనివేళల్లో అమ్మ ఫోన్ చేయదు, అందుకే బయటికొచ్చి ఎత్తాను. "బిడ్డా, సారు పోయిండే," అంది. అమ్మ పనిచేసే షాపు సార్ ఇంటి కిందే. ఎప్పుడు ఫోన్ చేసినా వెనక కుట్టుమిషన్ల చప్పుడు వినిపించేది. ఆరోజు వినిపించలేదు. "మిషిన్లన్ని బంద్ పెట్టినం. నువ్వు ఆటోల రా. ఏడ్సుకుంట రోడ్డు దాటకు," అని పెట్టేసింది.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. కానీ ఆయన గొంతు మాత్రం వినే ఉంటారు. సినిమా పెళ్ళిలో తాళి కట్టే ముందు ఎక్కడినుంచో ఒక గొంతు "గట్టిమేళం, గట్టిమేళం!" అని అరుస్తుంది చూడండి, అలాంటి గొంతుల్లో ఆయనది ఒకటి. పోలీసులు వస్తున్నప్పుడు "జరగండి, జరగండి" అనేది, రైల్వే ప్లాట్‌ఫారం మీద "కాఫీ, కాఫీ" అనేది, పంచాయతీలో వెనక వరసలోంచి "ఇదన్యాయం!" అనేది కూడా ఆయనే. తెరమీద గుంపు కనిపిస్తుంది, ఆ గుంపులో ఎవరు అరిచారో ఎవరూ చూడరు. వయసులో ఉన్నప్పుడు ఆయన చేసిన పని అది.

గోదావరి జిల్లా నుంచి డబ్బింగ్ చెప్పడానికే హైదరాబాద్ వచ్చారు. డబ్బింగ్ థియేటర్లలోకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో వాటి పక్కన కూర్చుని నేర్చుకున్నారు. తర్వాత ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఫిల్మ్‌నగర్‌లో గుట్ట మీదికి ఎక్కే ఒక సందులో, సినిమాలకి దుస్తులు కుట్టే షాపు పైన కిరాయికి ఉంటూ, ఆదివారాల్లో మాకు ప్రోగ్రామింగ్ నేర్పేవారు. మాకు అంటే, కింద షాపులో కుట్టేవాళ్ళ పిల్లలకి, షూటింగుల్లో లైట్లు మోసేవాళ్ళ పిల్లలకి, పాటల్లో వెనక వరసలో డాన్సు చేసేవాళ్ళ పిల్లలకి.

కిందటేడు ఆయన గొంతుకి క్యాన్సర్ వచ్చింది. బంజారా హిల్స్‌లో ఒక ఆసుపత్రిలో స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఆయన భయమంతా ఒక్కటే: ఇక పాఠం చెప్పలేనేమో అని. ఆ భయం ఎలా తీరిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను మొదటిసారి ఆ మెట్లెక్కింది అమ్మ బలవంతం మీద. "పైన సారు కంపూటర్ చెప్తుండంట. ఇంట్ల ఫోన్ గీకుకుంట కూసునే బదులు గాడ గూసో పో," అంది. కృష్ణానగర్‌లో మా గది నుంచి రెండు ఆటోలు మారి వచ్చాను. తీరా చూస్తే క్లాసులో కంప్యూటర్ ఎవరి ముందూ లేదు. ఒక పాత ల్యాప్‌టాప్ మూసి షెల్ఫు మీద పెట్టి ఉంది.

"ఏమ్మా, ఫోన్‌లో ఒక పేజీ తెరుస్తావు. అది ఎక్కడినుంచి వస్తుంది?" అని అడిగారు సార్.

"నెట్ నుంచి సార్."

"నెట్ అంటే ఎక్కడ?"

నా పక్కన కూర్చున్నమ్మాయి పైకప్పు వైపు వేలు చూపించింది. "పైనుంచి సార్." షేక్‌పేట నుంచి వచ్చే సమీనా. ఇప్పుడు నా ప్రాణస్నేహితురాలు.

"పైన మా ఇంటి ఓనరుంటాడమ్మా," అన్నారు సార్. "నీళ్ళే సరిగా వదలడు. పేజీలేం వదులుతాడు?"

ఆ తర్వాత ఆయన మమ్మల్ని వరండాలోకి పంపించారు. గదికీ వరండాకీ మధ్య ఒక కిటికీ ఉంది. సమీనాని కిటికీ లోపల కూర్చోబెట్టి, ముందు ఒక పళ్ళెంలో ఆంటీ చేసిన జంతికలు, ఇంకో పళ్ళెంలో సుద్దముక్కలు పెట్టారు. ఆంటీ అంటే సార్ భార్య. మేము ఒక్కొక్కరం బయటినుంచి వచ్చి, కావలసింది చీటీ మీద రాసి కిటికీలోంచి ఇవ్వాలి. సమీనా చదవాలి, ఉందో లేదో చెప్పాలి, ఎన్ని ఇస్తోందో చెప్పాలి, ఆ తర్వాతే ఇవ్వాలి. "ఇదే సర్వర్," అన్నారు సార్. "మీ ఫోను బయట నిలబడి అడిగేది. ఎక్కడో ఉన్న కంప్యూటర్ లోపల కూర్చుని ఇచ్చేది. ఇంతకుమించి ఇందులో మాయ ఏమీ లేదు."

నా వంతు వచ్చింది. జంతికలు అని రాసి ఇచ్చాను. సమీనా "ఉన్నై. రెండు," అని, ప్రేమకొద్దీ గుప్పెడు తీసి ఇవ్వబోయింది. సార్ వెంటనే నాతో, "రెండు అందగానే చెయ్యి మూసెయ్," అన్నారు. మూసేశాను. మిగతావి గచ్చుమీద పడి విరిగిపోయాయి.

"అయ్యో సార్, ఎక్కువిస్తే కూడా తప్పేనా?" అంది సమీనా.

"ఎంత ఇస్తున్నావో నువ్వే చెప్పావు కదమ్మా. తీసుకునేవాడు నీ మాట నమ్మి అంతవరకే చెయ్యి చాపాడు. ఎక్కువైనా నష్టమే, తక్కువైనా నష్టమే. చెప్పిన లెక్కా చేతిలోదీ ఒకటిగా ఉండాలి."

లోపలినుంచి ఆంటీ, "పాఠం చెప్పండి గానీ జంతికలు నేలపాలు చెయ్యకండి, పొద్దుట్నుంచి నూనె దగ్గర నిలబడ్డాను!" అని కేకేశారు.

ఆరోజు ఆయన అన్న మాటలు నా చెవిలో ఇప్పటికీ ఉన్నాయి. "ముందు విను. వినకుండా ఇచ్చేది జవాబు కాదు, గోల." ఇంకొకటి: "అడిగినవాడు కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు. ఉందనో లేదనో చెప్పకుండా లోపలికి పోకూడదు." తర్వాత కొన్ని వారాలకి మేము పైథాన్ అనే కంప్యూటర్ భాషలో నిజంగా సర్వర్ రాసినప్పుడు, అది నిండా ఒక పేజీ కూడా లేదు. తలుపు తెరుచుకుని కూర్చో, ఎవరైనా వస్తే విను, అడిగింది వెతుకు, ఉంటే ఎంతుందో చెప్పి పంపు. షెల్ఫు మీది ల్యాప్‌టాప్‌లో అది నడుస్తుంటే, మా ఫోన్లలో ఒక అంకెల చిరునామా కొట్టగానే తెల్ల పేజీ మీద 'నమస్తే' అని వచ్చింది. అంతే. ఆ గదిలో పిల్లలందరూ పెట్టిన కేకలకి కింద మిషన్లు ఆగిపోయి, అమ్మ మెట్ల మధ్యకి వచ్చి "ఏమైందే, ఎవలన్న పడ్డరా?" అని అడిగింది.

అడిగిన పేజీ లేనప్పుడు ఏం చెప్పాలన్నది ఆ తర్వాతి పాఠం. దొరకలేదని ఇంగ్లీషులో ఒక నంబరుతో పంపడం అందరూ చేసేదే. సార్ ఆ మాటని తెలుగులో ఎవరికి వాళ్ళే రాయమన్నారు. సమీనా "లేదు. పో." అని రాసింది. నేను క్షమాపణలతో నింపి చాలా పొడుగ్గా రాశాను. చింతిస్తున్నామనీ, అసౌకర్యానికి మన్నించమనీ.

సార్ రెండూ చదివారు. "ఈ పిల్ల గుమ్మంలోంచి తోసేస్తోంది. ఈ పిల్లేమో గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. వచ్చినవాడికి ఈ రెండూ అక్కర్లేదు. వాడేం తెలుసుకుని వెళ్ళాలి?"

మేము మళ్ళీ రాశాం. మళ్ళీ కొట్టేశారు. సాయంత్రానికి "మీరు అడిగిన పేజీ ఇక్కడ లేదు. ఇక్కడ ఉన్నవి ఇవి," అన్న రెండు వాక్యాల దగ్గర ఆగాం. రెండు చిన్న వాక్యాల కోసం అంతసేపు వెతకవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆరోజు ఇంటికి వెళుతూ ఆటోలో, దుకాణాల బోర్డులూ బస్సుల మీది రాతలూ ఒక్కొక్కటే చదువుతూ, ఇది ఎవరితో చెబుతోంది, ఎలా చెబుతోంది అని చూసుకుంటూ వెళ్ళాను. మాటల మీద నాకు ఇష్టం మొదలైంది అక్కడే.

ఆపరేషన్ తర్వాత ఆయన ఇంటికి వచ్చారు. గొంతు మీద తెల్లగుడ్డ కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. మేము పలకరించడానికి వెళ్తే కాగితం మీద రాసి చూపించారు: "ఆదివారం రండి."

వెళ్ళాం. ఆయన కాగితం మీద రాస్తే, ఆంటీ పైకి చదవడం అని ఏర్పాటు. ఆంటీకి ప్రోగ్రామింగ్ రాదు. గుర్తులు వచ్చినచోట ఆగిపోయి, "ఇదేంటండీ, రెండు చుక్కలు ఒకదానిమీద ఒకటి పెట్టారు?" అని అడిగేవారు. అది పర్వాలేదు. అసలు చిక్కు వేరే ఉంది. ఆ వారం ఇచ్చిన పని ఎవరూ చేయలేదు. సార్ కోపంగా గీకి కాగితం ఆంటీకి ఇచ్చారు. ఆంటీ చూసి, కళ్ళజోడు సర్దుకుని, "నాన్నలారా, వచ్చేవారమైనా చేసుకురండి," అని మెత్తగా చదివారు.

సార్ బల్లమీద గట్టిగా చరిచారు. కాగితం లాక్కుని మా వైపు తిప్పారు. అందులో "మూర్ఖులారా" అని ఉంది.

"పిల్లల్ని అలా అంటారా ఎవరైనా?" అన్నారు ఆంటీ. "నేనలా చదవను. నా నోటితో నేననను."

అందరం నవ్వాం. సార్ నవ్వలేదు. కాగితం తిప్పి వెనక రాశారు: "నా మాట నా మాటలాగే వెళ్ళాలి." ఆ వాక్యం కింద రెండుసార్లు గట్టిగా గీత గీశారు. ఇతరుల గొంతుల గుంపులో ఒక గొంతుగా ఇన్నేళ్ళు బతికిన మనిషికి, ఇప్పుడు తన మాట ఇంకొకరి నోటిమీదుగా మెత్తబడి వెళ్ళడం ఎంత కష్టంగా ఉందో ఆ గీతల్లో కనిపించింది.

"సార్, వాట్సాప్‌ల పెట్టుండ్రి. గ్రూప్ చేద్దం," అంది సమీనా.

ఆయన రాశారు: "మీరు వాట్సాప్ తెరిస్తే మళ్ళీ నా దగ్గరికి తిరిగి రారు." కింద ఇంకో వాక్యం: "రెడీమేడ్ చొక్కాలు బజార్లో దొరుకుతాయి. మనం కుట్టు నేర్చుకుంటున్నాం."

అలా, మా సొంతంగా ఒకటి తయారుచేసే పని నేను తీసుకున్నాను. ఆలోచన సులువైనదే. సార్ తన ఫోన్‌లో ఒక పెట్టెలో తెలుగులో వాక్యం కొట్టి పంపుతారు. షెల్ఫు మీది సర్వర్ దాన్ని అందుకుంటుంది. గోడకున్న టీవీ రెండు మూడు సెకన్లకొకసారి సర్వర్‌ని "సార్ ఏమన్నారు?" అని అడుగుతుంది. సర్వర్ ఆ వాక్యాన్ని ఏ హంగులూ లేకుండా మాటగానే పంపుతుంది. అది టీవీ మీద పెద్ద అక్షరాల్లో పడుతుంది. ఆదివారం పొద్దుట టీవీ ఇవ్వడానికి ఆంటీ ఒక షరతు పెట్టారు, వారంలో తప్పిపోయిన సీరియల్ భాగాలు క్లాసు అయ్యాక అందరం ఆవిడతో కూర్చుని చూడాలని. ఒప్పుకున్నాం.

ఇంట్లో వారమంతా పరీక్షించాను. హలో అని ఇంగ్లీషులో కొట్టాను, వచ్చింది. టెస్టింగ్ వన్ టూ త్రీ అని కొట్టాను, వచ్చింది. తెలుగు టైపింగ్ నాకు ఇంకా నెమ్మది, అందుకని అన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే చూసుకున్నాను.

ఆదివారం గది నిండింది. సార్ శుభ్రమైన చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని కూర్చున్నారు. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కొట్టారు. పంపారు. అందరం టీవీ వైపు తిరిగాం.

"అందరూ వచ్చారా? కిటికీ దగ" అని వచ్చింది. చివర నల్లటి డైమండ్‌లో ఒక ప్రశ్నార్థకం. అంతే, అక్కడితో ఆగింది.

ఆయన మళ్ళీ కొట్టారు. మళ్ళీ మూడోవంతు దాటగానే తెగిపోయింది. ఇంకా చిన్న వాక్యం కొట్టారు. అదీ తెగింది. చిన్నపిల్లలు కిసుక్కుమన్నారు. సార్ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఒకే ఒక్క మాట కొట్టారు. తెరమీద "నీ" అని వచ్చింది. 'నీ' ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. సమీనా లేచి వెళ్ళి ఆయన ఫోన్‌లోకి తొంగిచూసింది. "నీళ్ళంట, నీళ్ళు!" అని వంటింట్లోకి పరిగెత్తింది.

ఆయన నీళ్ళు తాగుతుంటే, సమీనా తన ఫోన్‌లోంచి అదే మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపింది. మొత్తం వచ్చింది. "అరే, గిట్లైతే వస్తుంది! సార్, ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టుండ్రి. ఫికర్ లేదు."

సార్ కాగితం తీసుకున్నారు. "నేను తెలుగులోనే తిడతాను," అని రాశారు. మేము నవ్వాం, ఆయన కూడా కొంచెం నవ్వారు. కానీ తర్వాత ఫోన్ బల్లమీద బోర్లించి, లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు పాఠం లేదు, సీరియల్ కూడా లేదు.

మెట్ల దగ్గర ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. "ఏమ్మా, ఇది బాగవుతుందా?"

"అవుతుంది ఆంటీ. చూస్తాను."

"వచ్చేవారం కూడా కుదరకపోతే ఇక క్లాసు మానేస్తానని రాశారు. కాగితం నా చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆయనకి మందులకన్నా మీరే..." అని ఆగి, కొంగుతో నా ముఖానికున్న చెమట తుడిచి పంపించారు.

ఆ వారం కాలేజీ అయ్యాక సమీనా, నేనూ అమ్మవాళ్ళ షాపులో ఒక మూల కూర్చున్నాం. చుట్టూ ఏదో పౌరాణికానికి కుడుతున్న జరీ అంచులు. సమీనా మాటలు చెప్తుంటే నేను కొట్టి చూసేదాన్ని. 'అ' అని ఒక్క అక్షరం పంపితే ఏమీ రాలేదు, ఆ డైమండ్ తప్ప. ఇంగ్లీషు అక్షరం ఒకటి పంపితే వచ్చింది.

"తెలుగంటే దీనికి పడదా?" అంది సమీనా.

"కాదే. ఎంత ఇస్తున్నావో ముందు చెప్పాలి కదా. ఆ లెక్కలో ఏదో ఉంది."

సర్వర్ ఏ లెక్క చెబుతోందో తెరమీద చూపించమని ఒక పంక్తి రాశాను. నిజంగా పంపుతున్నది ఎంతో చూపించమని దాని కింద ఇంకో పంక్తి రాశాను. ఇంగ్లీషు మాటకి రెండూ ఒకటే. 'నీళ్ళు'కి పైన ఆరు, కింద పద్దెనిమిది. అప్పుడు అర్థమైంది. నేను అక్షరాలని, వాటికి తగిలించే గుణింతాలనీ వత్తులనీ, వత్తు ముందు కంప్యూటర్ దాచుకునే పొల్లునీ, తలకొకటి చొప్పున లెక్కపెట్టి చెబుతున్నాను. కంప్యూటర్ లోపల ఇంగ్లీషు అక్షరానికి ఒక్క చోటు చాలు. తెలుగులో ప్రతిదానికీ మూడు చోట్లు కావాలి. సర్వర్ ఆరు అని చెప్పి పద్దెనిమిది పంపుతోంది. టీవీ ఆ మాట నమ్మి, ఆరు అందగానే చెయ్యి మూసేస్తోంది.

"మన అక్షరాలు కృష్ణానగర్ గదుల్లాంటివి కాదే, జూబ్లీహిల్స్ బంగళాలు," అన్నాను సంతోషంతో.

"తెలివి మస్తుంది గానీ ముందు దాన్ని బాగు చెయ్యి తల్లీ," అంది సమీనా.

బాగు చేయడానికి వరస మారిస్తే చాలు. ముందు వాక్యాన్ని పంపే రూపంలోకి మార్చి, తర్వాత దాని పొడుగు లెక్కపెట్టాలి. నేను మొదట లెక్కపెట్టి తర్వాత మారుస్తున్నాను. పంక్తులు అటూ ఇటూ చేశాను. 'నీళ్ళు' అని కొట్టాను. నీళ్ళు వచ్చాయి. అమ్మ మిషన్ మీదనుంచి తలెత్తి, "ఏందే, గట్ల ఎగురుతున్నవ్? జరీ తొక్కకు!" అంది.

ఆ ఆదివారం సార్ గడ్డం గీసుకోలేదు. బనీను మీదే వచ్చి కూర్చున్నారు. ఫోన్ వైపు చూడకుండా చేయి చాపారు. నేను పేజీ తెరిచి ఇచ్చాను. ఏం కొట్టాలా అని కాసేపు ఆలోచించారు, తర్వాత వేళ్ళు కదిలాయి. చాలా పొడుగ్గా కొట్టారు. పంపారు. ఆంటీ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయారు.

తెరమీద, మొదటినుంచి చివరిదాకా, ఒక్క అక్షరం పోకుండా వచ్చింది:

"మూర్ఖులారా, పోయిన నెల ఇచ్చిన పని ఇంతవరకు ఒక్కరూ చేయలేదు, పైగా నా ఇంట్లో కూర్చుని నా భార్య చేసిన జంతికలు నాకు మిగల్చకుండా తింటున్నారు, సిగ్గుందా మీకు?"

గది దద్దరిల్లింది. అంత తిట్టు తిన్నందుకు అంతమంది చప్పట్లు కొట్టడం నేనెక్కడా చూడలేదు. "అయ్యో రామ, అదేం మాటండీ!" అని ఆంటీ అంటూనే ఉన్నారు, కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. సార్ నవ్వారు. ఆయన నవ్వుకి శబ్దం లేదు, భుజాలు మాత్రం ఆగకుండా కదిలాయి.

తర్వాత ఒకసారి ఆయన్ని అడిగాను. "ఎందుకు తెగిపోతోందో మీకు మొదటే తెలుసు కదా సార్?" ఆయన కొట్టారు: "తెలియలేదమ్మా. నేను తిట్టే తొందరలో ఉన్నాను. కారణం వెతికే ఓపిక నాకు లేకపోయింది. నీకుంది." ఆ మాట టీవీ మీద అందరి ముందూ పడింది. నేను తల వంచుకున్నాను.

ఆ తర్వాతి నెలలు ఆయన క్లాసుల్లో అన్నిటికన్నా మంచివి. ఆయనకి కొట్టడానికి సమయం పట్టేది, కాబట్టి మేము ఎదురుచూడటం నేర్చుకున్నాం. ఎవరైనా అడుగుతుంటే ఆయన మధ్యలో అందుకునే వీలు లేదు. ప్రశ్న చివరిదాకా వినేవారు. కొట్టేముందు ఒకసారి పైకప్పు వైపు చూసి, మాటని ఎంచుకునేవారు. ఒక్కోసారి సగం కొట్టి, చెరిపి, చిన్నది చేసేవారు. నేను ఆ చెరపడాన్నే ఎక్కువ గమనించేదాన్ని. ఒకసారి ఒక చిన్నపిల్ల లేచి, "సార్, మీకు మాట్లాడబుద్ధి అయితలేదా?" అని అడిగేసింది. మేమంతా బిగుసుకుపోయాం. ఆయన కొట్టారు: "మాట్లాడుతూనే ఉన్నాగా. నా మాటలు చూసి నువ్వు తెలుగు చదవడం నేర్చుకుంటున్నావు, నాకు అదే లాభం." తర్వాత ఆ పిల్లని పిలిచి, గట్టిగా ఒకసారి "గట్టిమేళం" అని అరవమన్నారు. ఆ పిల్ల అరిచింది. కింద షాపులోంచి ఎవరో నిజంగానే చప్పట్లు కొట్టారు.

ఈ నెల మొదట్లో ఆయనకి ఊపిరి ఇబ్బందైంది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగి రాలేదు.

కర్మలన్నీ అయ్యాక సమీనా, నేనూ పైకి వెళ్ళాం. టీవీ నడుస్తోంది. ఆయన ఆఖరి క్లాసు చివర పంపిన వాక్యం దానిమీద అలాగే ఉంది: "ఇవాళ్టికి చాలు. మెట్లు చూసుకుని దిగండి." ఆసుపత్రికి వెళ్ళిన రోజునుంచీ ఆంటీ టీవీ ఆపనివ్వలేదట, ల్యాప్‌టాప్ తీయనివ్వలేదట. మేము చూస్తుండగానే ఆవిడ మెత్తటి గుడ్డ తెచ్చి తెరమీది దుమ్ము తుడిచారు. అక్షరాల మీదికి వచ్చినచోట చెయ్యి తేలిక చేశారు, గట్టిగా రుద్దితే చెరిగిపోతాయన్నట్టు.

"ఈ ఆదివారం పిల్లలు వస్తారామ్మా?" అని అడిగారు.

"వస్తామంటున్నారు ఆంటీ. నన్ను చెప్పమంటున్నారు." టీవీ వైపు చూపించాను. "కానీ ఈ సర్వర్ ఒక్క వాక్యాన్నే గుర్తుపెట్టుకుంటుంది. నేను కొత్తది పంపితే సార్‌ది పోతుంది. కావాలంటే వేరేలా చేస్తాను. ఆయనది అలాగే ఉంచి..."

"నేను ఫోటో తీసిపెట్టిన ఆంటీ," అంది సమీనా.

ఆంటీ గోడవైపు చూశారు. అక్కడ సార్ ఫోటో, దానికి గంధపు దండ. "గోడకెక్కిన ఫోటో ఒకటుంది, చాలు," అన్నారు. గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఆ వాక్యాన్నే చదివారు. పెదవులు కదులుతున్నాయి. ఈసారి ఒక్క మాట కూడా మార్చకుండా చదివారని నాకు తెలుస్తూనే ఉంది. "ఆయన చెప్పాల్సింది చెప్పేశారు కదమ్మా. దాన్ని అక్కడ పట్టుకుని కూర్చుంటే మీ పాఠం ఎలా నడుస్తుంది? ఆదివారం రండి."

ఆదివారం అందరూ వచ్చారు. అమ్మ కూడా మిషన్ ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది. లైట్‌మన్ ఒకాయన తన ఇద్దరు పిల్లల్ని కొత్తగా తీసుకొచ్చాడు. వాళ్ళు ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడకి ఆనుకుని, టీవీ మీది వాక్యాన్ని కూడబలుక్కుని చదువుతున్నారు. నేను సార్ కుర్చీ పక్కన కింద కూర్చుని, ఫోన్‌లో "కొత్తవాళ్ళు ఇద్దరు వచ్చారు, ముందు వరసలో చోటివ్వండి," అని కొట్టాను. ఆంటీ వైపు చూశాను. ఆవిడ తల ఊపారు. పంపాను.

టీవీ మళ్ళీ అడిగేదాకా ఒకటి రెండు సెకన్లు పడుతుంది. అంతసేపూ ఆయన వాక్యం ఉంది. తర్వాత అది పోయింది. కొత్తది ఇంకా రాలేదు. ఆ మధ్య క్షణంలో తెర పూర్తిగా తెల్లగా అయింది, ఆ వెలుగు గదిలో అందరి ముఖాల మీదా పడింది. కొత్త పిల్లలిద్దరూ నోళ్ళు తెరుచుకుని, ఏం వస్తుందా అని, ముందుకి వంగి చూస్తున్నారు.